డోనా నూక్ సీల్ పిల్లలు: అమ్మానాన్నలతో నవంబర్‌లో వెళ్లాలి, సలహా కావాలి

రవళి_లీడ్స్ | 2 నవంబర్, రాత్రి 8:14

అందరికీ నమస్తే. అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చి నెల దాటింది. డిసెంబర్ రెండో వారంలో తిరుగు ప్రయాణం. లండన్, యార్క్ చూపించాను. మొన్న సాయంత్రం టీవీలో తెల్లటి బొచ్చున్న సీల్ (సముద్ర జంతువు) పిల్లలు ఇసుకలో దొర్లుతుంటే అమ్మ చేతిలో టీ చల్లారిపోయేదాకా అలాగే చూస్తూ కూర్చుంది. "ఇవి ఎక్కడుంటాయే? మనం వెళ్లి చూడొచ్చా?" అంది. వచ్చిన దగ్గర్నుంచి తనంతట తాను ఫలానా చోటు చూడాలని అడగడం ఇదే మొదటిసారి. అందుకే ఎలాగైనా తీసుకెళ్లాలి.

లింకన్‌షైర్ తీరంలో డోనా నూక్ అని విన్నాను. ఏ వారంలో వెళితే పిల్లలు ఎక్కువగా కనిపిస్తాయి? నాన్నకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేరు. నా దగ్గర క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్ ఉన్న) కెమెరా, 70-300 మి.మీ. జూమ్ లెన్స్ ఉన్నాయి, సరిపోతాయా? ఇంకో మాట. నెట్‌లో కొన్ని ఫోటోలు చూశాను, సీల్ కళ్లకు సమానంగా, రెండు మూడు మీటర్ల దూరంలో పడుకుని తీసినట్టున్నాయి. అంత దగ్గరికి వెళ్లనిస్తారా?

ఇసుకతిన్నె | 2 నవంబర్, రాత్రి 9:40

రవళి గారూ, సరైన సమయంలో అడిగారు. నేను లింకన్‌లో ఉంటాను. తొమ్మిది చలికాలాలుగా ఏటా కనీసం రెండుసార్లు అక్కడికి వెళ్తున్నాను.

అక్టోబర్ చివర్లో మొదటి పిల్లలు పుడతాయి. నవంబర్ మూడో వారం నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా బాగా నిండుగా ఉంటుంది. ఈ మధ్య ఏటా రెండు వేలకు పైగా పిల్లలు పుడుతున్నాయి. ఆ చోటును చూసుకునేది లింకన్‌షైర్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్. సీజన్‌లో మగ సీల్స్ ఎన్ని, తల్లులు ఎన్ని, పిల్లలు ఎన్ని అని వాళ్ల వెబ్‌సైట్‌లో వారం వారం లెక్క పెడతారు. అది చూసి రోజు ఖాయం చేసుకోండి.

నార్త్ సోమర్‌కోట్స్ ఊరు దాటాక స్టోన్‌బ్రిడ్జ్ కార్ పార్క్ వస్తుంది. అక్కడి నుంచి ఇసుక దిబ్బ దాటితే చాలు, దిబ్బ అంచు వెంబడి చెక్క కంచె కనిపిస్తుంది. మనం కంచెకి ఇవతల, సీల్స్ అవతల. నాన్నగారికి నడక పెద్దగా ఉండదు. కాకపోతే వానపడితే బాట బురదగా ఉంటుంది. మడత స్టూలు ఒకటి కారులో వేసుకోండి. చూడటానికి టికెట్ లేదు, పార్కింగ్‌కి మాత్రం డబ్బు కట్టాలి. శని, ఆదివారాల్లో జనం విపరీతం. ఆ చిన్న పల్లెటూరి దారుల్లో కార్లు మైళ్ల కొద్దీ ఆగిపోతాయి. వారం మధ్యలో సెలవు పెట్టగలిగితే పెట్టండి.

అదంతా రక్షణ శాఖ నేల. వైమానిక దళం బాంబులు వేయడం సాధన చేసే మైదానం. వారం మధ్యలో వెళితే విమానాల మోత ఉంటుంది, ఎర్ర జెండాలు ఎగురుతుంటాయి. అమ్మగారికి ముందే చెప్పండి, ఉలిక్కిపడతారు. సీల్స్ మాత్రం తల కూడా ఎత్తవు.

లెన్స్ సంగతి: 70-300 ధారాళంగా సరిపోతుంది. కొన్ని పిల్లలు కంచెకి ఆనుకునే నిద్రపోతుంటాయి, 300 దగ్గర ఫ్రేమ్‌లో పట్టవు. ఇక పడుకుని తీసిన ఆ ఫోటోలా? వాటి గురించి తూనీగ గారు చెబితే బాగుంటుంది.

నార్విచ్_నాగమణి | 3 నవంబర్, ఉదయం 7:55

నార్ఫోక్ వైపు కూడా రెండు చోట్లున్నాయి, తెలిసి ఉంటే మంచిది. హార్సీ గ్యాప్‌లో దిబ్బల మీద నుంచి కిందికి చూడాలి, ఇసుకలో ఎక్కి దిగాలి. మోకాళ్లు నొప్పి అంటున్నారు కాబట్టి మీ నాన్నగారికి వద్దు. బ్లేక్నీ పాయింట్‌లో ఇంగ్లండ్ మొత్తం మీద ఎక్కువ పిల్లలు పుడతాయి, కానీ అక్కడికి మోర్‌స్టన్ రేవు నుంచి పడవలో వెళ్లాలి. పోటు వేళను బట్టి పడవలు కదులుతాయి. డిసెంబర్ గాలిలో గంట సేపు పడవలో పెద్దవాళ్లని కూర్చోబెట్టడం నాకు మనసొప్పదు. మా అత్తగారిని తీసుకెళ్లి నేనే టెన్షన్ పడ్డాను. లీడ్స్ నుంచి మీకు డోనా నూకే దగ్గర, అదే మేలు.

శ్రీకర్_నాటింగ్‌హామ్ | 3 నవంబర్, మధ్యాహ్నం 1:20

> రవళి_లీడ్స్ రాశారు: అంత దగ్గరికి వెళ్లనిస్తారా?

శని, ఆదివారాల్లో విమానాలు ఉండవు కదా, ఆ రోజుల్లో కంచె చివరి దాకా వెళ్లి ఇసుక మేటల మీదికి దిగి, సముద్రం వైపు నడిచి వెళ్లేవారట ఫోటోగ్రాఫర్లు. నేను కొత్తగా 150-600 కొన్నాను. ఈసారి అలా వెళ్లాలనుకుంటున్నాను. కంచె దగ్గర తీస్తే అందరి ఫోటోలూ ఒకేలా ఉంటాయి, వెనకాల గడ్డి, మనుషుల కాళ్లు. అవతల అయితే తడి ఇసుక, అలలు, ఆకాశం. నిశ్శబ్దంగా, నెమ్మదిగా పాకుతూ వెళితే వాటికి వచ్చే ఇబ్బంది ఏముంటుంది?

తూనీగ | 3 నవంబర్, రాత్రి 10:31

శ్రీకర్, నువ్వు అడిగింది నేను కూడా ఒకప్పుడు అడిగిన ప్రశ్నే. అందుకే వివరంగా రాస్తున్నాను, చివరిదాకా చదువు.

2010 ప్రాంతంలో నేను అలా వెళ్లాను. ఒక ఆదివారం, చీకటి ఉండగానే. నాతో ఇంకో ఇద్దరు. మోచేతుల మీద పాకుతూ వెళ్లాం, ఒంటికి బురద రంగు బట్టలు, కెమెరాకి గుడ్డ చుట్టి. నీ మాటల్లోనే చెప్పాలంటే నిశ్శబ్దంగా, నెమ్మదిగా.

ఒక తల్లి, దాని పక్కన పసుపు పచ్చటి బొచ్చుతో ఒక పిల్ల. అప్పుడే పుట్టిన పిల్లకి ఉమ్మనీటి వల్ల ఆ పసుపు రంగు ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఒంటి మీద చర్మం వదులుగా మడతలు పడి ఉంటుంది, పెద్దవాళ్ల చొక్కా తొడిగిన పసివాడిలాగా. మేము ఇరవై అడుగుల దూరంలో ఆగాం. తల్లి తలెత్తి చూసింది. చేత్తో నేలను కొట్టినట్టు ముందు రెక్కతో ఇసుకను రెండుసార్లు చరిచింది. అది హెచ్చరిక అని అప్పుడు నాకు తెలియదు. మంచి యాక్షన్ దొరికిందని వరసగా తీశాను. తర్వాత అది వెనక్కి జరిగింది, ఇంకా జరిగింది, పక్కనున్న నీటి పాయలోకి దిగిపోయింది.

పిల్ల దాని వెంట పాకబోయి దారి తప్పి ఇంకో తల్లి దగ్గరికి చేరింది. ఆ తల్లి దాన్ని నోటితో పట్టి విసిరింది. సీల్ తల్లులు తమ పిల్లని వాసనతోనూ అరుపుతోనూ పట్టుకుంటాయి. పరాయి పిల్ల దగ్గరికొస్తే కరుస్తాయి. మేము వెనక్కి పాకుతూ వచ్చేశాం. మేము లేచి నిలబడితే ఇంకెన్ని కదులుతాయోనని లేవలేదు. అసలు తల్లి తిరిగి వచ్చిందో లేదో నేను చూడలేదు.

ఆ ఫోటో నా దగ్గర ఉంది. చాలా బాగా వచ్చింది. వెనకాల ఆకాశం గులాబీ రంగులో, పిల్ల కళ్లలో వెలుగు చుక్క. ఇన్నేళ్లలో ఎక్కడా పెట్టలేదు, పెట్టను కూడా. ట్రస్ట్ వాళ్లు ఆ ఇసుక మేటల మీదికి వెళ్లొద్దని ఫోటోగ్రాఫర్లను ఎన్నోసార్లు వేడుకున్నారు. నేను వెళ్లినప్పుడు ఆ మాట విన్నాను, అయినా వెళ్లాను. నువ్వు వెళ్లొద్దు.

శ్రీకర్_నాటింగ్‌హామ్ | 4 నవంబర్, ఉదయం 9:02

అన్నా, మీరు దాచకుండా చెప్పినందుకు ముందు నమస్కారం. కానీ నాకు ఒకటి నిజంగా అర్థం కావడం లేదు, వాదన కోసం అడగడం లేదు. నెత్తి మీద యుద్ధ విమానాలు పోతుంటే, పక్కన సాధన బాంబులు పడుతుంటే కదలని జంతువు, పాకుతూ వచ్చే ముగ్గురు మనుషులకి ఎందుకు బెదురుతుంది?

కడలి_విశాఖ | 4 నవంబర్, సాయంత్రం 4:48

శ్రీకర్ మంచి ప్రశ్న అడిగాడు. నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైర్ అయ్యాను. మా అమ్మాయి హల్‌లో ఉండగా రెండు సీజన్లు డోనా నూక్‌కి వెళ్లాను.

విమానం ఎంత మోత చేసినా దాని దారిన అది పోతుంది. ఏళ్ల తరబడి వింటున్నాయి, ఒక్కసారి కూడా అది వాటి మీదికి రాలేదు. కంచె ఇవతల మనుషులు కూడా అంతే. రోజూ ఒకే చోట ఉంటారు, గీత దాటరు. కంచె దాటి, అందులోనూ సముద్రం వైపు నుంచి వచ్చే మనిషి అలా కాదు. నేల మీద సీల్ నిస్సహాయ జంతువు. నీళ్లు ఒక్కటే దానికి రక్షణ, ఆ నీటికీ తనకూ మధ్య మనిషి వచ్చి కూర్చుంటే దాని దృష్టిలో దారి మూసేసినట్టే. పైగా పాకుతూ వచ్చేవాడు వేటాడే జంతువులా కనిపిస్తాడు.

బెదిరితే ఏం నష్టం అంటారేమో, దాని లెక్క చెబుతాను. పుట్టినప్పుడు పిల్ల సుమారు 14 కిలోలు ఉంటుంది. తల్లి పాలిచ్చేది మొత్తం 18 రోజులు, అటూ ఇటూగా. ఆ పాలలో కొవ్వు 60 శాతం దాకా ఉంటుంది. మన గేదె పాలలో ఏడెనిమిది శాతం ఉంటే చిక్కటి పాలంటాం. పిల్ల రోజుకి రెండు కిలోల చొప్పున పెరుగుతుంది. ఆ రోజులన్నీ తల్లి ఏమీ తినదు. తన ఒంటి కొవ్వునే కరిగించి ఇస్తుంది, రోజుకి నాలుగు కిలోల దాకా తగ్గిపోతుంది. ఆ తర్వాత మగ సీల్‌తో జతకట్టి, పిల్లని అక్కడే వదిలి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ రాదు.

అంటే పిల్లకి జీవితం మొత్తానికి తల్లి ఇచ్చేది ఆ 18 రోజులే. అందులో ఒక పూట పోయినా అది మళ్లీ దొరకదు. పాలు మానిన పిల్ల కొన్ని వారాల పాటు ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే బతుకుతూ, తెల్ల బొచ్చు రాల్చి, ఈత తనంతట తానే నేర్చుకోవాలి. తక్కువ బరువుతో మొదలుపెట్టిన పిల్లకి మొదటి చలికాలం దాటడం చాలా కష్టం.

మా విశాఖ తీరంలోనూ ఇలాంటిది చూస్తుంటాను. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తే జనం ఫోన్ టార్చీలు వేసుకుని చుట్టూ మూగుతారు. కొన్ని తాబేళ్లు గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతాయి. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లలు వెలుగు ఎటుంటే అటు పాకుతాయి, సముద్రం అనుకుని రోడ్డు వైపు వచ్చేస్తాయి. ఫోటో తీసేవాళ్లెవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు. తాబేలుకి ఆ సంగతి తెలియదు కదా.

రవళి_లీడ్స్ | 4 నవంబర్, రాత్రి 9:15

కడలి గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. 60 శాతం దగ్గర ఆపమంది. "జున్నుపాలు కూడా అంత చిక్కగా ఉండవే" అంటూ వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. తల్లి 18 రోజులు ఏమీ తినదన్నప్పుడు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. నాన్న ఏమో తెనాలిలో పాల కేంద్రంలో వెన్నశాతం కొలిచే సంగతులు మొదలుపెట్టారు.

21వ తేదీ, గురువారం సెలవు పెట్టాను. కంచె ఇవతలే ఉంటాం, అది ఖాయం. ఇప్పుడు కెమెరా సెట్టింగ్స్ చెప్పండి ప్లీజ్. తెల్లటి పిల్లల్ని తీస్తే బూడిద రంగులో వస్తాయని భయంగా ఉంది.

తూనీగ | 5 నవంబర్, ఉదయం 6:50

రవళి గారూ, మీ భయంలో సగం నిజం. ఫ్రేమ్ అంతా తెల్ల పిల్లే నిండితే కెమెరా మీటర్ దాన్ని బూడిద చేస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ (ఫోటోకి అందే వెలుగు) ముప్పావు నుంచి ఒక స్టాప్ పైకి తీసుకోండి. కానీ పిల్ల చిన్నగా ఉండి చుట్టూ నల్లటి బురద నిండిందనుకోండి, కెమెరా ఎదురు పని చేస్తుంది. బురదను వెలిగించబోయి పిల్లని సున్నం కొట్టిన గోడలా తెల్లబరుస్తుంది, బొచ్చులో ఒక్క వెంట్రుక కనపడదు. అప్పుడు కిందికి దించాలి. హిస్టోగ్రామ్ (కెమెరా తెరపై వెలుగు చూపే గ్రాఫ్) కుడి అంచుకు తగలకుండా చూసుకుంటే చాలు. రా ఫార్మాట్‌లో తీయండి.

షటర్ వేగం 1/500 సెకనుకి తగ్గొద్దు. పిల్ల కదలనట్టే ఉంటుంది, ఉన్నట్టుండి ఆవులిస్తుంది, కాలితో చెంప గోక్కుంటుంది. ఫోకస్ ఎప్పుడూ దగ్గరున్న కంటి మీదే. ఆ కళ్లు నల్లగా పెద్దగా ఉంటాయి, మబ్బు రోజున ఆకాశమంతా అందులో కనిపిస్తుంది. కాబట్టి ఎండ లేదని బాధపడొద్దు. ఎండ ఉంటే మాత్రం మధ్యాహ్నం రెండు దాటాక చూడండి, మనం సముద్రం వైపు తిరిగి నిలబడతాం కాబట్టి వెలుగు వెనక నుంచి వాలుగా పడుతుంది. నాలుగు కాకముందే సూర్యుడు దిగిపోతాడు, మర్చిపోవద్దు.

శ్రీకర్ చెప్పిన ఆ నేల మట్టం కోణం కంచె దగ్గర కూడా దొరుకుతుంది. మోకాళ్ల మీద కూర్చుని, చెక్కల సందులోకి లెన్స్ గురిపెట్టి, అపెర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) పూర్తిగా తెరిస్తే ముందున్న చెక్క కరిగిపోయి మసకగా మిగులుతుంది. లెన్స్ గానీ చెయ్యి గానీ అవతలికి పెట్టొద్దు. గాలిలో ఇసుక ఉంటుంది, అక్కడ లెన్స్ మార్చొద్దు. రెండో బ్యాటరీ లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా పెట్టుకోండి.

ఒక చిట్కా చెబుతాను, అక్కడ సీల్స్‌ని చూసుకునే వార్డెన్ల దగ్గర నేర్చుకున్నది. పెద్ద సముద్రపు కాకులు ఒక్కసారిగా గోల చేస్తూ ఒకే చోట వాలితే అక్కడ పిల్ల పుట్టినట్టు. ప్రసవం తర్వాత పడే మాయ కోసం వస్తాయి అవి. వెంటనే అటు తిరిగితే తల్లి, బిడ్డ ముక్కు ముక్కు ఆనించి వాసన చూసుకోవడం కనిపిస్తుంది. నేను తీసిన వాటిలో నాకు ఇష్టమైన ఫోటోలన్నీ ఆ పది నిమిషాలవే.

డ్రోన్ మాట ఎవరూ ఎత్తకముందే చెబుతున్నాను. అది సైనిక మైదానం, డ్రోన్ ఎగరేయడం అసలు కుదరదు.

గ్రిమ్స్‌బీ_డాక్టర్ | 5 నవంబర్, రాత్రి 11:08

డ్యూటీ అయ్యాక చూశాను. రెండు ముక్కలు.

చెయ్యి పెట్టొద్దు అన్నది ఊరికే అన్న మాట కాదు. పిల్ల కూడా గట్టిగా కరుస్తుంది. సీల్ నోటి నుంచి వచ్చే ఇన్ఫెక్షన్‌కి సీల్ ఫింగర్ అనే పేరే ఉంది. వేలు వాచి కీలు దెబ్బతింటుంది. మామూలు పెన్సిలిన్ రకం మందులు దానికి పని చేయవు, టెట్రాసైక్లిన్ రకం వాడాలి. ఎప్పుడైనా కరిస్తే డాక్టర్‌కి "సీల్ కరిచింది" అని మొదటే చెప్పాలి.

ఇక చలి. థర్మామీటర్‌లో ఆరు డిగ్రీలు చూసి మోసపోకండి. ఉత్తర సముద్రం మీది గాలి ఎముకల్లోకి దిగుతుంది. అమ్మగారు చీర కడితే లోపల థర్మల్, కాళ్లకు ఊలు సాక్సు, షూ తప్పనిసరి. చెప్పులతో వద్దు. ఫ్లాస్కులో వేడి టీ తీసుకెళ్లండి. ఇద్దరూ బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే వాళ్లయితే భోజనం వేళ తప్పనివ్వకండి.

చిన్నోడు_షెఫీల్డ్ | 6 నవంబర్, మధ్యాహ్నం 12:10

అన్నలూ అక్కలూ, నేను స్టూడెంట్‌ని, కారు లేదు. ట్రైన్‌లో వెళ్లొచ్చా? నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది.

ఇసుకతిన్నె | 6 నవంబర్, మధ్యాహ్నం 12:45

దగ్గర్లో స్టేషన్ లేదు తమ్ముడూ. ట్రైన్ గ్రిమ్స్‌బీ, క్లీథోర్ప్స్ దాకానే, అక్కడి నుంచి ఇంకా చాలా దూరం. నేను 30వ తేదీ వెళ్తున్నాను, లింకన్ స్టేషన్‌కి ఉదయం ఎనిమిదికి రాగలిగితే నా కారులో ఒక సీటు ఉంది. ఫోన్ అయితే మరీ మంచిది. ఒక బైనాక్యులర్ ఇస్తాను, ముందు కళ్లతో చూద్దువుగాని.

రవళి_లీడ్స్ | 22 నవంబర్, రాత్రి 10:20

వెళ్లొచ్చాం! నిన్న రాత్రే రాద్దామనుకున్నాను, అలసిపోయి పడుకున్నాను.

ఉదయం ఆరున్నరకి బయలుదేరాం. అమ్మ నాలుగింటికే లేచి పులిహోర, పెరుగన్నం కట్టింది. తొమ్మిదికి కార్ పార్క్‌లో ఉన్నాం, అప్పటికి పాతిక కార్లు కూడా లేవు. కారు దిగగానే వినపడింది. దిబ్బ అవతల నుంచి సన్నగా, ఏడుపులాగా, వందల గొంతులు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పసిపిల్లలే, అచ్చం పసిపిల్లలే" అంది.

కంచె దగ్గరికి వెళ్లేసరికి, నిజంగా అబద్ధం కాదు, మా కాళ్లకి రెండడుగుల దూరంలో ఒక పిల్ల వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. గుండ్రంగా, మెడ ఎక్కడుందో తెలియకుండా. రెండు వారాలు దాటి ఉంటుందని వార్డెన్ చెప్పారు. కళ్ల కింద బొచ్చు తడిసి చారలు కట్టి ఉంది. అమ్మకి కళ్లనీళ్లు తిరిగాయి, తల్లి కోసం ఏడుస్తోందనుకుంది. మన కన్నీళ్లు ముక్కులోకి జారిపోవడానికి లోపల సన్నటి నాళం ఉంటుంది, సీల్స్‌కి అది లేదు, అందుకే కళ్లను తడిపే నీళ్లన్నీ చెంపల మీదికే కారతాయని ఆయన వివరంగా చెప్పారు. నేను తెలుగులో చెప్పాను. అమ్మ విని తలూపింది, కానీ ఆ పిల్ల తల్లి కనపడేదాకా అక్కడి నుంచి కదలనంది. నలభై నిమిషాల తర్వాత ఒక తల్లి గుంటలో నుంచి లేచి పొట్ట మీద పాకుతూ వచ్చి, పిల్లని ముక్కుతో పొడిచి లేపి, పక్కకి తిరిగి పడుకుంది. పిల్ల పాలు తాగుతుంటే చప్పుడు మాకు వినపడింది. నేను మొత్తం పన్నెండు ఫోటోలు తీశాను, తర్వాత కెమెరా దించేసి చూస్తూ నిలబడ్డాను.

పదిన్నరకి విమానాలు వచ్చాయి. నాన్న చెవులు మూసుకున్నారు. సీల్స్ ఒక్కటీ కదలలేదు, కడలి గారు చెప్పినట్టే. కాసేపటికి ఒక పిల్లాడు కంచె మీదికి ఎక్కబోయి కాలు అవతల వేశాడు, అంతే, పది గజాల దూరంలో ఉన్న తల్లి తలెత్తి బుస్సుమంది. అంత పెద్ద మోతకి చలించనిది ఒక చిన్న కాలికి లేచింది. వాళ్లమ్మ వెంటనే వాణ్ని కిందికి దించింది.

తూనీగ గారూ, మీరు చెప్పిన కాకులు పన్నెండు గంటలప్పుడు వాలాయి! కాస్త దూరం, 300లో చిన్నగా వచ్చింది, కానీ వచ్చింది. ముక్కు ముక్కు ఆనించుకున్న ఫోటో ఒకటి ఫోకస్‌లో ఉంది. పిల్ల ఒళ్లు తడిగా, పసుపుగా, మీరన్నట్టే వదులు చొక్కాతో. బురద ఎక్కువుందని ఎక్స్‌పోజర్ దించాను, బొచ్చు తెల్లబారిపోలేదు.

నాన్న సంగతి చెప్పాలి. స్టూల్ మీద కూర్చుని ఆయన చూసింది సీల్స్‌ని కాదు, నేలని. "ఇంత చదునుగా ఉంది, పోటు ఎక్కువైతే వీటి గతేంటి?" అని వార్డెన్‌ని అడగమన్నారు. 2013 డిసెంబర్ 5 రాత్రి ఈ తూర్పు తీరమంతా ఉప్పెన వచ్చిందని, సరిగ్గా పిల్లల సీజన్‌లో వచ్చిందని, చాలా పిల్లలు తల్లులకు దూరమయ్యాయని ఆయన చెప్పారు. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వార్డెన్‌కి 1977 దివిసీమ ఉప్పెన గురించి చెప్పమన్నారు. నవంబర్ 19, మొన్నటి తేదీయే. అప్పుడు నాన్న కాలేజీ కుర్రాడు, తెనాలి నుంచి లారీలో బియ్యం, బట్టలు తీసుకుని అవనిగడ్డ వైపు వెళ్లారట. మాకెవరికీ ఇంతవరకు చెప్పలేదు. నేను ఇంగ్లీషులోకి మారుస్తూ మొదటిసారి విన్నాను. ఆ వార్డెన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని మొత్తం విన్నారు.

మూడున్నరకి చీకటి పడబోతుంటే బయలుదేరాం. మరో సీల్ తల్లి ఆ వేళకి పిల్లని వదిలి నీటి వైపు వెళ్తోంది. ఆఖరిసారి వెళ్తోందో, మళ్లీ వస్తుందో మాకు తెలియలేదు. అమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది.

కడలి_విశాఖ | 23 నవంబర్, ఉదయం 8:05

అమ్మా రవళీ, చదువుతుంటే అక్కడే ఉన్నట్టుంది. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. 77లో మా అన్నయ్య కూడా ఆ వైపు సహాయానికి వెళ్లాడు.

ఒంటరిగా వదిలిన పిల్ల గురించి మీ అమ్మగారు దిగులు పడొద్దు. పాలు తాగి గుండ్రంగా అయ్యాకే తల్లి వెళ్తుంది. ఇంకొకటి, ఆ తల్లి వెళ్లేలోపు జతకడుతుంది. కడుపులో పడిన పిండం సుమారు మూడు నెలలు పెరగకుండా ఆగి, ఆ తర్వాత పెరగడం మొదలుపెడుతుంది. అందుకే మళ్లీ సరిగ్గా ఇదే కాలానికి, చాలాసార్లు ఇదే చోటికి వచ్చి ఈనుతుంది.

శ్రీకర్_నాటింగ్‌హామ్ | 23 నవంబర్, ఉదయం 11:37

రవళి గారూ, ఆ పిల్లాడి కాలు సంగతి చదివాక నా ప్రశ్నకి పూర్తిగా సమాధానం దొరికింది. 28న, గురువారం సెలవు పెట్టాను. కంచె ఇవతలే, మోకాళ్ల మీద. తూనీగ అన్నా, సందులోంచి తీయడానికి 600 దగ్గర అపెర్చర్ 6.3 అవుతుంది, చెక్క కరుగుతుందా?

తూనీగ | 23 నవంబర్, మధ్యాహ్నం 12:02

కరుగుతుంది, లెన్స్ చెక్కకి బాగా దగ్గరగా ఉంటే. కానీ 600 వద్దు, దగ్గరి పిల్లలకి 200 నుంచి 300 చాలు. కాకులు వాలినప్పుడు మాత్రం 600 తీయి, రవళి గారికి అందనిది నీకు అందుతుంది. ఆ రోజు నేనూ వస్తాను. ఎనిమిదిన్నరకి కార్ పార్క్‌లో కలుద్దాం.

ఇసుకతిన్నె | 23 నవంబర్, మధ్యాహ్నం 2:15

డిసెంబర్, జనవరిలో ఈ తీరంలో ఎక్కడ నడిచినా, స్కెగ్నెస్ అయినా మేబుల్‌థోర్ప్ అయినా, ఒంటరి పిల్ల కనపడొచ్చు. చాలామటుకు అది విశ్రాంతి తీసుకుంటున్నదే. దాన్ని నీళ్లలోకి తోయకండి, తెల్ల బొచ్చు పిల్ల చలి నీటిలో ఎక్కువసేపు తట్టుకోలేదు. చుట్టూ మూగకండి. కుక్క ఉంటే తాడు కట్టి దూరంగా తీసుకెళ్లండి. గాయం కనిపించినా, మరీ బక్కగా ఉన్నా బ్రిటిష్ డైవర్స్ మెరైన్ లైఫ్ రెస్క్యూ వాళ్లకి గానీ జంతు సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏకి గానీ ఫోన్ చేయండి, వాళ్లు వచ్చేదాకా దూరంగా ఉండి కాపలా కాయండి.

చిన్నోడూ, 30న ఎనిమిదికి. టోపీ, చేతి తొడుగులు మర్చిపోకు.

చిన్నోడు_షెఫీల్డ్ | 23 నవంబర్, మధ్యాహ్నం 2:19

టికెట్ బుక్ చేశాను అన్నా, 7:50కే దిగుతాను.

రవళి_లీడ్స్ | 23 నవంబర్, రాత్రి 8:40

ముక్కు ముక్కు ఆనించుకున్న ఆ ఫోటో ప్రింట్ వేయించమంది అమ్మ, రెండు కాపీలు. ఒకటి తెనాలికి, ఇంట్లో పెట్టుకోవడానికి. రెండోది ఆ వార్డెన్‌కి పంపాలట, ఆయన ఎవరో మాకు పేరు తెలియదు. ఇసుకతిన్నె గారూ, 30న మీరు వెళ్లినప్పుడు ఆయనకి ఇవ్వగలరా? ఎర్ర ఉన్ని టోపీ, తెల్ల గడ్డం, కంచె మధ్యలో నిలబడతారు. రేపే పోస్ట్ చేస్తాను.

ఇసుకతిన్నె | 23 నవంబర్, రాత్రి 9:03

ఎవరో తెలిసింది. తప్పకుండా ఇస్తాను. నా అడ్రస్ మెసేజ్‌లో పెట్టాను.